నవమి నాటి పండుగప్ప

పండుగప్ప పగలు కూడా గేలానికి పడుతుంది. కానీ దాని అసలు వేట చీకటి పడ్డాకే. సెంబవాంగ్ జెట్టీ మీది దీపం వెలుగు నీళ్లలో ఎంతదూరం పోయి ఆగుతుందో, సరిగ్గా ఆ అంచున, చీకటి వైపు కాచుకొని ఉంటుంది. వెలుగు కోసం చిన్న చేపలు, రొయ్యలు వస్తాయి. అది తొందరపడదు. దగ్గరకు రానిచ్చి ఒక్కసారి నోరు తెరుస్తుంది. ఠప్పుమని చప్పుడు, తర్వాత నీళ్ల మీద ఒక సుడి, అంతే. టార్చి వేస్తే దాని కన్ను ఎర్రగా మెరుస్తుంది. మొదటిసారి ఆ కన్ను చూసినప్పుడు నేను టార్చి ఆర్పేశాను.

“ఆర్పీసేవేటే?” అన్నారు మా ఆయన.

“అది మన వైపే చూస్తోందండీ.”

“మన్ని కాదు, రొయ్యని చూస్తంది. నీకంత ఇదేటి?”

ఆయన ఇక్కడ, సింగపూర్‌లో, షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. విశాఖపట్నంలో పని నేర్చుకొని వచ్చి, రిటైరయ్యేదాకా ఇక్కడే ఉండిపోయారు. నేను ఒక కిరాణా కొట్టుకు లెక్కలు రాసేదాన్ని. సెలవు సాయంత్రాలు జెట్టీ మీదే గడిచేవి. గేలం కర్ర ఆయనది. ఎర గుచ్చడం, టార్చి పట్టుకోవడం, చేప అలిసి గోడ దగ్గరకు వచ్చాక తాడుతో వల దించడం నా పనులు. అన్నేళ్లలో ఆయన వల దించలేదు, నేను గేలం విసరలేదు. అలా ఏమీ అనుకోలేదు, అలా జరిగిపోయింది.

సింగపూర్‌లో వసంతం అంటూ ఏదీ లేదు. ఎండ, వాన, మళ్లీ ఎండ. అయినా జనవరి, ఫిబ్రవరిల్లో కొన్ని వారాలు గాలి పొడిగా వీస్తుంది. ఆ తర్వాత మా బ్లాకు వెనక తోట కంచె మూల ఉన్న చింతచెట్టు ఆకు రాల్చి, ఎర్రటి చిగురు వేస్తుంది. ఆ చెట్టును ఎవరూ నాటలేదు. ఎవరి వంటింట్లోనో చింతపండు పిసికి పారేసిన గింజ మొలిచి ఉంటుంది. తోట చూసుకునే చైనీస్ పెద్దాయనకు దాని నీడ తన మిరపమొక్కల మీద పడుతుందని కోపం. అందుకని నన్ను చూస్తే, “కోసుకోండి ఆంటీ, ఇంకా కోసుకోండి. మొత్తం కోసేసినా నేనేమీ అనుకోను” అంటాడు. ఊళ్లో ఫాల్గుణంలో చిగురు వచ్చే రోజులూ, ఇక్కడ ఇది చిగురు వేసే రోజులూ ఇంచుమించు ఒకటే. ఒక వారం అటూ ఇటూ, అంతే. నేను ప్రతి ఏడూ చూసుకునేదాన్ని.

చిగురు వచ్చిందని చెప్పగానే ఆయన గేలం దారం మార్చేవారు. ఆ ఏటికి ఒక్కసారి, ఆయన పట్టిన పండుగప్పలో నేను కోసిన చిగురు వేసి వండాలి. బజారులో అమ్మే పెంపుడు పండుగప్ప ఆయన తినేవారు కాదు. “గుళికలు మింగి పెరిగిందానికి కండేటుంటాది? ఏటాడి తిన్నదాని కండ ఏరు” అనేవారు. నాకు మొదట్లో తేడా తెలిసేది కాదు. తర్వాత తెలిసింది.

కిందటి ఫాల్గుణంలో చిగురు కోసి బాగుచేసి పెట్టాను. చేప రాలేదు. ఆయన ఆస్పత్రికి వెళ్లారు, తిరిగి రాలేదు. ఆ చిగురు ఫ్రిజ్‌లో నల్లబడిపోయాక పారేశాను.

మా ఇళ్లలో సంవత్సరీకానికి, పంతులుగారు చేయించేది కాక, ఇంటివాళ్లం పెట్టుకునేది ఒకటి ఉంటుంది. పోయినవారికి ఇష్టమైనది వండి, అరటాకులో వడ్డించి, తలుపు దగ్గరగా వేసి, ఇంటివాళ్లంతా కాసేపు బయట కూర్చుంటారు. వండేటప్పుడు రుచి చూడకూడదు. ముందు ఆయన తినాలి. ఆ తర్వాతే మేము. మొదటి సంవత్సరీకానికి ఆ ఆకులో ఏం ఉండాలో నాకు తెలుసు. కిందటేడు ఆయన తినకుండా వెళ్లిపోయింది అదే. బజారు చేప పెట్టి ఆయన్ను పంపించలేను. కాబట్టి నేనే పట్టాలి.

మా అమ్మాయి వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటుంది, రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం. నేను గేలం పట్టుకొని జెట్టీకి వెళ్తున్నానని తెలిసి ఫోన్ చేసింది.

“అమ్మా, నీ వయసుకి చీకట్లో జెట్టీ ఏంటి? జారిపడితే?”

“రెయిలింగ్ ఉంది.”

“నేను మార్కెట్‌లో పెద్దది కట్ చేయించి పంపిస్తా. ఫ్రెష్‌గా ఉంటుంది.”

“మీ నాన్న తినరు.”

ఫోన్ స్పీకర్‌లో పెట్టినట్టుంది, మనవరాలి గొంతు వినిపించింది, ఇక్కడి ఇంగ్లీషులో. “అమ్మమ్మా, జస్ట్ బై లా. సేమ్ ఫిష్ వాట్.”

“సేమ్ కాదమ్మా,” అన్నాను. అది ఏదో పాట పెట్టుకొని అవతలికి వెళ్లిపోయింది.

విసరడం నేర్చుకోవడానికి నాకు జనవరి అంతా పట్టింది. జెట్టీ మీద రోజూ ఉండే మలయ్ పెద్దాయన ఒకాయన నేర్పాడు. ఆయనా షిప్‌యార్డులో పనిచేసినవాడే. మా ఆయన్ను ‘అబాంగ్’ అనేవాడు, అంటే అన్న. నన్ను ‘కక్’ అంటాడు, అక్క అని. మేం మాట్లాడుకునేది మలయ్, తమిళం, ఇంగ్లీషు కలగలిపిన భాష. నేను విసిరిన గేలం మొదటి వారం నా చీరకొంగుకే తగులుకునేది.

“కక్, చేప అటు వైపుంది. మీ వెనక లేదు,” అనేవాడు.

ఫిబ్రవరిలో ఒక రోజు ఆ పెద్దాయనకే మంచి పండుగప్ప పడింది. తోక పట్టుకొని నా ముందు పెట్టాడు.

“తీసుకెళ్లండి. అబాంగ్‌కి వండి పెట్టండి.”

“వద్దు.”

“ఎవరు పట్టారో ఆయనకెలా తెలుస్తుంది?”

“తెలుస్తుంది. మీరు పట్టిన చేపకు వంక పెట్టకుండా ఆయన ఒక్కరోజైనా తిన్నారా?”

పెద్దాయన గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే చేపను తన డబ్బాలో వేసుకున్నాడు. “నిజమే. నాదెప్పుడూ బురద వాసనే అనేవాడు.”

తర్వాత రంజాన్ ఉపవాసాల నెల వచ్చింది. సూర్యాస్తమయానికి మలయ్ వాళ్లంతా ఇళ్లల్లో ఉండాలి, ఆ తర్వాత మసీదులో నమాజు. పెద్దాయన రావడం మానేశాడు. జెట్టీ మీద సాయంత్రాలు నేనొక్కదాన్నే మిగిలాను. పరుగెత్తేవాళ్లు చెవుల్లో ఏదో పెట్టుకొని చివరిదాకా వచ్చి, తిరిగి వెళ్లిపోయేవారు. ఎదురుగా, నీళ్లకు అవతల, మలేషియా ఒడ్డున జోహోర్ దీపాలు. నాకు చిన్న చేపలు కొన్ని పడ్డాయి. వదిలేశాను. పండుగప్ప రెండుసార్లు ఎర లాక్కొని పోయింది. చిగురు ముదరడం మొదలైంది. కింది కొమ్మల్లో ఆకు అప్పటికే పచ్చబడిపోయింది. కొసలు మాత్రమే ఎర్రగా ఉన్నాయి.

పోటు ఎప్పుడు వస్తుందో ఫోన్లో చూపిస్తుందని అందరూ అంటారు. మా ఆయన తిథిని బట్టి చూసేవారు. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న లెక్క అది. అమావాస్యకూ పౌర్ణమికీ నీళ్లు బాగా నడుస్తాయి. అష్టమి నవముల్లో నిలబడిపోతాయి. గోడకు తగిలించిన తెలుగు క్యాలెండర్ మన దేశపు టైముకు వేసింది కాబట్టి, ఇక్కడికి రెండున్నర గంటలు కలుపుకోవాలి. ఇక్కడి జలసంధిలో నీళ్లు ఇంకొంచెం ఆలస్యం, అది వేరే కలుపుకోవాలి. ఆయన పైకి అంటుంటే నేను నోటితో కూడి చెప్పేదాన్ని. ఆయన పోయాక కూడా ఆ కూడిక నేను మానలేదు.

సంవత్సరీకం ఫాల్గుణ బహుళ దశమికని పంతులుగారు తేల్చారు. ఆస్పత్రిలో చెప్పిన టైము మా అమ్మాయి ఆయనకు మెసేజ్ పెట్టింది, ఆయన పంచాంగం చూసి దశమి అన్నారు. అప్పుడు నాకు దేనిమీదా ధ్యాస లేదు. ఎవరేం చెబితే దానికి తలూపాను.

దశమికి ముందురోజు పొద్దున నేను క్యాలెండర్ ముందు నిలబడి ఉన్నాను. ఆ సాయంత్రమే ఆఖరు. మర్నాడు పొద్దున్నే అమ్మాయింట్లో పంతులుగారు, సాయంత్రం మా ఇంట్లో ఆకు. నవమి కాబట్టి నీళ్లు కదలవు. ఎన్నింటిదాకా నవమి ఉందో చూసి, అలవాటుగా రెండున్నర గంటలు కలిపాను. కలిపి, అక్కడే ఆగిపోయాను.

కిందటేటి క్యాలెండర్ పడేయలేదు. బీరువా పైనుంచి తీసి ఆ తేదీ చూశాను. నవమి సాయంత్రం ఐదున్నర వరకు అని ఉంది. ఆయన పోయింది సాయంత్రం ఏడు గంటలకు. ఏడు ఐదున్నర దాటింది కాబట్టి దశమి అని లెక్కకట్టారు. కానీ ఆ ఏడు సింగపూర్ ఏడు. క్యాలెండర్‌లోని ఐదున్నర ఇక్కడ ఎనిమిది. ఆయన పోయేటప్పటికి ఇంకా నవమే.

రెండు మూడుసార్లు చూసుకున్నాను. తేడా లేదు. అమ్మాయికి ఫోన్ చేశాను.

“అమ్మా, మీటింగ్‌కి వెళ్తున్నా. అర్జెంటా?”

“మీ నాన్న పోయింది దశమి కాదు, నవమి. ఇక్కడి గడియారం పట్టుకొని అక్కడి పంచాంగం చూశారు.”

“అంటే?”

“అంటే సంవత్సరీకం రేపు కాదు. ఇవాళ.”

అటువైపు లిఫ్ట్ తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

“అమ్మా, రేపటికి పంతులుగారు వస్తున్నారు. మీ అల్లుడు లీవ్ పెట్టారు. పాతికమందికి భోజనాలు చెప్పాం. ఇప్పుడు ఇవాళంటే నేనేం చెయ్యను చెప్పు?”

“నిన్నేమీ చెయ్యమనలేదు. చెప్పాను, అంతే.”

“ఒక్క రోజు తేడాకి నాన్నేం అనుకోరమ్మా.”

“అనుకోరు.”

“మరింకేంటి? ఉండు, పంతులుగారిని అడిగి చెప్తా.”

మధ్యాహ్నానికి జవాబు పంపింది. వీలును బట్టి చేసుకోవచ్చు, దోషం లేదు అన్నారట. పంతులుగారి మీద నాకు కోపం లేదు. ఆయనకు తెలిసింది ఆయన చెప్పారు. వాళ్లు రేపు చేసుకుంటారు. నేను ఇవాళ పెట్టాలి. ఇవాళ నీళ్లు కదలవు. అష్టమి నవముల్లో మా ఆయన గేలం గూట్లోంచి తీసేవారు కాదు. “నీళ్లు సచ్చిపోయుంటాయి, దండగ” అనేవారు. ఆయన వెళ్లిపోయిన తిథి కూడా అదే అయింది.

సాయంత్రం చిగురు కోశాను. కొసలు మాత్రమే, ఒక్కొక్కటీ చూసి. తోట పెద్దాయన, “ఇంతేనా ఆంటీ? ఇంత చెట్టుకి ఇంతేనా?” అన్నాడు. ఎర కొట్టులో బతికున్న రొయ్యలు తీసుకున్నాను. బస్సులో బకెట్టు కాళ్ల మధ్య పెట్టుకొని కూర్చున్నాను.

జెట్టీ మీద ఎవరూ లేరు. బహుళ పక్షం, చంద్రుడు రావడానికి ఇంకా చాలా టైముంది. నీళ్లు నూనెలా ఉన్నాయి, చిన్న కదలిక కూడా లేదు. రొయ్యను వీపు దగ్గర గుచ్చి, వెలుగు అంచుకు విసిరాను. సరిగ్గానే పడింది. అరగంట కూర్చున్నాను. రొయ్య మార్చాను. మళ్లీ కూర్చున్నాను. పోటు లేనప్పుడు ఎర తనంతట కొట్టుకుపోదు, ఎక్కడ పడిందో అక్కడే ఉంటుంది. అందుకని కర్ర కొసను నెమ్మదిగా లేపి దించుతూ ఉన్నాను. అది ఎవరూ నేర్పలేదు. నీళ్లు నడిపించకపోతే నేనే నడిపించాలి కదా అనుకున్నాను.

ఠప్పుమని చప్పుడయింది. ముందు నాకు చప్పుడే వినిపించింది, తర్వాత చేతికి లాగుడు తెలిసింది. రీలు నుంచి దారం జర్రున పోయింది. చేప నీళ్లలోంచి పూర్తిగా ఎగిరి, తల విదిలించి, మళ్లీ పడింది. తెల్లగా కనిపించింది. పెద్దదే.

ఎదిరించకుండా పోనిచ్చాను. ఆగినప్పుడు చుట్టాను. ఎంతసేపు అలా జరిగిందో నేను చూసుకోలేదు. భుజం మాత్రం వారంపాటు నొప్పి పెట్టింది. చివరికి అది జెట్టీ గోడ కిందకు వచ్చి పక్కకు వాలింది. అప్పుడు నేను, “వల దించండి” అన్నాను.

పైకే అన్నాను. వల నా కాళ్ల దగ్గరే ఉంది. దాని తాడు పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. కర్ర వదిలితే చేప పోతుంది. దారంతో పైకి లాగితే దాని బరువుకు తెగుతుంది. ఆ ఎత్తునుంచి నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాను. పరుగెత్తే అబ్బాయి ఒకడు చివరిదాకా వచ్చి, తిరిగి వెళ్లిపోయాడు. పిలిచాను. చెవుల్లో పాటలు, వినలేదు.

జెట్టీ మొదట్లో, ఒడ్డున, కాస్త ఇసుక ఉంది. దారం బిగువు వదలకుండా రెయిలింగ్ వెంబడి అటు నడవడం మొదలుపెట్టాను. దీపస్తంభం అడ్డం వచ్చినప్పుడల్లా కర్రను బయటినుంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను. ఒకచోట చేప మళ్లీ లోతుకు దిగింది. ఆగాను. వచ్చాక మళ్లీ నడిచాను. ఇసుకలో దిగి, చెప్పులతోనే మోకాలి దాకా నీళ్లలోకి వెళ్లి, వెనక్కి నడుస్తూ దాన్ని ఒడ్డు మీదికి లాగాను. మొప్పల అంచు కత్తిలా ఉంటుంది, కాబట్టి తువ్వాలు వేసి పట్టుకున్నాను. టార్చి వేశాను. కన్ను ఎర్రగానే ఉంది. ఈసారి ఆర్పలేదు.

ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడి లెక్కన ఆ రోజు నవమి రాత్రి పదింటిదాకా ఉంది. రెండున్నర గంటలు కలిపితే ఇక్కడ అర్ధరాత్రి దాటాకే దశమి. ఏడాది పొడుగునా లెక్క తప్పించిన ఆ రెండున్నర గంటలే ఆ రాత్రి నాకు వంటకు పనికొచ్చాయి. పొలుసు తీసి, ముక్కలు కోసి, ఉప్పు పసుపు పట్టించి కడిగాను. చిగురు అరచేతుల్లో నలిపి, ఈనెలు ఊది పారేశాను. ఉల్లిపాయలు, పచ్చిమిరప వేగాక కారం, కొద్దిగా నీళ్లు, ఆ తర్వాత ముక్కలు. గరిటె పెడితే ముక్క విరుగుతుంది, కాబట్టి గిన్నె అంచులు గుడ్డతో పట్టుకొని తిప్పాను. చివర్లో చిగురు. పులుపు వాసన వచ్చింది. రుచి చూడలేదు.

ఆకు కడిగి హాల్లో వేశాను. అన్నం, కూర, గ్లాసుతో నీళ్లు. దీపం వెలిగించాను. ఆయన పేరు మనసులో చెప్పుకొని, బయటకు వచ్చి, తలుపు దగ్గరగా వేశాను.

మా ఇళ్లలో ఆ కాసేపూ పదిమంది అరుగు మీద కూర్చుంటారు. పోయినవాళ్ల గురించి చెప్పుకుంటారు, నవ్వుకుంటారు కూడా. నేను ప్లాస్టిక్ స్టూలు వేసుకొని కారిడార్‌లో కూర్చున్నాను. చీర అంచులు తడిగా ఉన్నాయి, ఇసుక అంటుకొని ఉంది. లిఫ్ట్ ఆగింది. ఎదురింటి చైనీస్ అమ్మాయి డ్యూటీ నుంచి వస్తోంది. నర్సు.

“ఆంటీ! కీ మర్చిపోయారా? లాక్ తీసేవాణ్ని పిలవనా?”

“లేదమ్మా. తాళం వెయ్యలేదు.”

“మరి ఎందుకు బయట?”

“లోపల అంకుల్ భోంచేస్తున్నారు.”

ఆ అమ్మాయి తలుపు సందులోంచి కనిపిస్తున్న దీపం వెలుగు వైపు చూసింది. గొంతు తగ్గించింది. “ఓ. మేం కూడా వచ్చే నెల మా తాతకి పెడతాం. శ్మశానానికి వెళ్లి.” తర్వాత, “ఫిష్షా ఆంటీ? వాసన లిఫ్ట్ దాకా వస్తోంది,” అంది.

“ఫిష్షే.”

“డోంట్ రష్ హిమ్ లా,” అని, చప్పుడు కాకుండా తలుపు తీసుకొని లోపలికి వెళ్లిపోయింది. వాళ్ల టీవీ చప్పుడు తగ్గింది.

ఇంకాసేపు కూర్చున్నాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి ఏమీ చెప్పుకోలేదు. తర్వాత లేచి, తలుపు తట్టి, లోపలికి వెళ్లాను.

మర్నాడు అమ్మాయింట్లో అంతా పద్ధతిగానే జరిగింది. సంకల్పంలో పంతులుగారు దశమి అన్నప్పుడు అమ్మాయి నా వైపు చూసింది. నేను దీపం ఒత్తి సరిచేశాను. వచ్చినవాళ్లు వెళ్లాక, వంటింట్లో గిన్నెలు సర్దుతూ అడిగింది.

“నిన్న వెళ్లావా జెట్టీకి?”

“వెళ్లాను.”

“పడిందా?”

“పడింది.”

గిన్నె కింద పెట్టేసింది. “నిజంగా? ఒక్కదానివే? మరి నాకు ఫోన్ చెయ్యలేదేంటమ్మా?”

“నీకు పొద్దున్నే లేవాలి కదా.”

చేతులు తుడుచుకుంది. “ఎలా వచ్చింది కూర?”

“చిగురు కొంచెం ముదిరింది. ఉప్పు బాగా తక్కువైంది.”

“మరి వేసుకోలేకపోయావా?”

“ఆయన తిన్నదీ ఆ కూరే కదా,” అన్నాను. “అలాగే తిన్నాను.”